మంచు దేశంలో బంతి నారు

పెరటి ముచ్చట్లు

శనివారం రాత్రి ఫోన్ మోగిందంటే మా ఇంట్లో అందరికీ తెలుసు, అది అమెరికా నుంచి అక్క చేసే ఫోనేనని. ఆ రోజు వీడియోలో ముందు అక్క ముఖం కనిపించలేదు. కోడిగుడ్ల అట్టపెట్టె కనిపించింది. గుంటగుంటలో గుప్పెడు మట్టి, అందులో దారప్పోగుల్లాంటి మొక్కలు. తెల్లగా, సన్నగా, కిటికీ వైపు మెడలు చాచి పడి ఉన్నాయి.

"ఏందక్కా ఇవి?" అన్నాను.

"బంతి నారే చెల్లె. బతుకమ్మకని పోసిన. ఇట్లయింది" అంది.

అది 2022 ఫిబ్రవరి. అక్క ఉండేది మినియాపొలిస్ శివారులో. కిటికీ అవతల మోకాలి లోతు మంచు. ఇవతల బతుకమ్మ కోసం బంతి నారు! నాకు నవ్వొచ్చింది. పక్కనే కూర్చుని చూస్తున్న అమ్మకు మాత్రం నవ్వు రాలేదు. "పండుగ యాడుంది, ఇది యాడుంది? ఇప్పుడే ఎవలు పొయ్యమన్నరే బిడ్డా?" అంది.

అమ్మ ఉండేది మన్ననూర్‌లో. అచ్చంపేట దాటి, ఘాట్ ఎక్కగానే వచ్చే ఊరు. శ్రీశైలం వెళ్లేవాళ్లంతా అటవీశాఖ చెక్‌పోస్టు దగ్గర ఆగి చూసే ఉంటారు. చుట్టూ నల్లమల. వానాకాలం పోతూ పోతూ ఉంటే చేల గట్ల మీద తెల్లగా గునుగు, దారి పొడవునా పచ్చగా తంగేడు. వాటిని ఎవరూ నాటరు, నీళ్లు పొయ్యరు. అమ్మ నారు పోసేది బంతికీ, సీతజడకే. ఆ రెండింటికీ పెరట్లో బావి పక్కన చిన్న మడి ఉంటుంది. విత్తనం కొన్నది కాదు. ఏటా పండుగ అయ్యాక చెట్టు మీద ఎండిన పూలను కోసి, గుడ్డలో మూటకట్టి దూలానికి వేలాడదీస్తుంది.

అక్క అమెరికాకు వెళ్తూ అడిగింది ఆ మూటే. అమ్మ కొంగున కట్టినట్టు కట్టి ఇచ్చింది కూడా. అక్కడ విమానాశ్రయంలో "విత్తనాలున్నాయి" అని అక్క నిజమే చెప్పింది. కాగితాలు లేవు కాబట్టి తీసేసుకున్నారు. తప్పు వాళ్లది కాదు, రూలు అలాంటిది. కానీ ఆ సంగతి విన్నప్పుడు అమ్మ చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత మెల్లగా, "మన ఇత్తునం మంచిది కాదన్నరా?" అని అడిగింది.

కాదని ఎంత చెప్పినా ఆ మాట ఆమె మనసులోంచి పోలేదు. మా ఇంటికి సంబంధించినంత వరకు ఆ తర్వాత మూడేళ్ల బంతినారు కథంతా ఆ ప్రశ్నకు జవాబే.

మొదటి ఏడు: తొందర

అక్క ఏం చేసిందంటే, అక్కడి దుకాణంలో విత్తనాల పొట్లం కొని, జనవరి చివర్లోనే ఇంట్లో కిటికీ దగ్గర నారు పోసింది. పొట్లం వెనక 'ఇంట్లో మొదలుపెట్టండి' అని ఉంది. ఎప్పుడన్నది చిన్న అక్షరాల్లో ఉంది. చలి దేశాల్లో కొత్తగా తోట మొదలుపెట్టే వాళ్లంతా చేసే పొరపాటే ఇది. బయట అంతా తెల్లగా ఉంటే, పచ్చటి ఆకు ఒక్కటి చూడాలని ప్రాణం లాగుతుంది కదా!

బంతి గింజ చాలా మంచిది. ఇరవై నుంచి ఇరవై నాలుగు డిగ్రీల వెచ్చదనం ఉంటే వారం తిరక్కుండా మొలుస్తుంది. చిక్కంతా మొలిచాకే. ఫిబ్రవరిలో అక్కడి కిటికీలోంచి వచ్చే వెలుతురు మొక్కకు చాలదు. వెలుతురు కోసం కాడ సాగుతుంది, పాలిపోతుంది, చివరికి వాలిపోతుంది. సాగకుండా ఎలాగో కాపాడినా, బయట నాటేందుకు మే నెలాఖరు దాకా ఆగాలి. నాలుగు నెలలు చిన్న గిన్నెలో బంతిచెట్టు ఉండగలదా? వేళ్లు చుట్టుకుపోయి గిడసబారిపోతుంది.

సీతజడ అయితే ఇంకా సున్నితం. చిన్నప్పుడు గిన్నెలో ఇరుకైనా, చల్లటి నేల తగిలినా ఎదగడం మానేసి, జానెడు ఎత్తులోనే అగ్గిపుల్ల తలంత పువ్వు పూసి ఊరుకుంటుంది. ఇక ఎంత ఎరువేసినా పెద్దది కాదు.

రెండో ఏడు: మన్ననూర్ తేదీ

2023లో అక్క అమ్మను అడిగింది. అమ్మ తనకు తెలిసిందే చెప్పింది. "ఆరుద్ర పోయినంక పొయ్యి" అని.

మన దగ్గర అది నూటికి నూరుపాళ్లు సరైన మాట. నారు పోసిన దగ్గర్నుంచి నాటడానికి 25 నుంచి 30 రోజులు. నాటిన దగ్గర్నుంచి పూత రావడానికి 50, 60 రోజులు. మొత్తం కలిపి 75 నుంచి 90 రోజులు. బతుకమ్మ మొదలయ్యే పెత్తర అమాస నుంచి వెనక్కి లెక్కేస్తే సరిగ్గా ఆరుద్ర, పునర్వసు, పుష్యమి కార్తెల మధ్య వచ్చి ఆగుతుంది.

ఆ మధ్యలో ఎక్కడన్నది ఏడాదిని బట్టి. కార్తెలు సూర్యుణ్ని బట్టి నడుస్తాయి కాబట్టి ఇంగ్లీషు తేదీల్లో పెద్దగా మారవు. పండుగ చంద్రుణ్ని బట్టి వస్తుంది కాబట్టి జరుగుతూ ఉంటుంది. 2023లో అధిక శ్రావణం రావడంతో బతుకమ్మ అక్టోబరు 14న మొదలైంది. 2024లో అక్టోబరు 2న. 2025లో సెప్టెంబరు 21న. చూశారా, మూడు వారాల పైనే తేడా! అందుకే 2023లో పునర్వసు చివర్లో పోసిన నారు పండుగకు అందితే, 2025లో ఆరుద్రలోనే పోయాల్సి వచ్చింది. 2026 అధిక జ్యేష్ఠం ఉన్న ఏడాది. పండుగ మొదలు అక్టోబరు 10. అంటే మళ్లీ పునర్వసు, పుష్యమి లెక్కే.

అక్క అమ్మ మాట పట్టుకుని జూన్ నెలాఖరులో నేరుగా పెరట్లోనే గింజలు చల్లింది. వేసవి కదా, చక్కగా మొలిచాయి. ఆగస్టులో నడుం ఎత్తు పెరిగాయి. సెప్టెంబరు వచ్చింది. మన్ననూర్‌లో అప్పుడు రాత్రిళ్లు వెచ్చగానే ఉంటాయి, మొక్క పరుగు మీద ఉంటుంది. మినియాపొలిస్‌లో అప్పటికే రాత్రిళ్లు చల్లబడతాయి. మొక్క నడక నెమ్మదిస్తుంది. అక్టోబరు మొదట్లో చెట్టు నిండా మొగ్గలు. బఠాణీ గింజలంత పచ్చటి మొగ్గలు! ఇంకో వారం ఆగితే విచ్చుకునేవే.

ఒక రాత్రి మంచు పడింది. పొద్దున చూస్తే చెట్లన్నీ ఉడకబెట్టిన ఆకుకూరలా నల్లబడి వేలాడుతున్నాయి. ఆ ఏడాది అక్క బతుకమ్మను దుకాణంలో కొన్న చామంతులతో పేర్చింది. ఫొటో పంపింది గానీ ఫోన్ చెయ్యలేదు.

అసలు లెక్క ఎక్కడ తప్పింది?

అమ్మకు ఈ సంగతి చెప్పినప్పుడు ఆమె అడిగిన మొదటి ప్రశ్న ఇది: "ఆడ మంచు ఎప్పుడు మొదలైతది? ఎప్పుడు బందైతది?"

అంతే. మూడు ముక్కల్లో తేల్చేసింది. మన్ననూర్‌లో చలికాలం రాత్రి ఎంత వణికించినా నీళ్లు గడ్డకట్టవు. అందుకే మన లెక్కకు ఒక కొస చాలు, పండుగ. మంచు దేశంలో లెక్కకు మూడు కొసలున్నాయి. ఆఖరి మంచు, పండుగ, మళ్లీ మొదటి మంచు. బంతి, సీతజడ, గునుగు, బొగడబంతి... మన బతుకమ్మ పూలన్నీ ఉష్ణదేశపు పూలు. ఒక్క రాత్రి గడ్డకట్టే చలి తగిలినా బతకవు. కాబట్టి అవి నేలలో ఉండాల్సింది ఆ రెండు మంచుల మధ్యలోనే.

మినియాపొలిస్‌లో ఆఖరి మంచు దాదాపు మే రెండో వారం. మొదటి మంచు అక్టోబరు తొలి రోజుల్లో, కొన్నేళ్లు ఇంకాస్త ముందూ వెనకా. అంటే అయిదు నెలలు కూడా నిండవు. అందులో మొదటి రెండు మూడు వారాలు నేల ఇంకా చల్లగా ఉంటుంది, చివరి మూడు వారాలు రాత్రిళ్లు చల్లబడతాయి. మధ్యలో మిగిలే వెచ్చటి రోజులు అన్నీ కలిపి బొటాబొటి మూడున్నర నెలలు. ఆ కాస్త సమయాన్ని గింజ మొలవడానికి ఖర్చు చేయడమెందుకు? అందుకే అక్కడివాళ్లు మొలకెత్తే పనిని ఇంట్లో ముగించి, బయటికి మొక్కను తెస్తారు.

ఎప్పుడు బయటికి తేవాలన్నదానికి ప్రతి చలి దేశంలోనూ మన కార్తెల్లాంటి లెక్క ఉంది. జర్మనీ రైతులు మే 11 నుంచి 15 వరకు వచ్చే అయిదుగురు సాధువుల రోజుల్ని 'మంచు సాధువులు' అంటారు. ఆ రోజులు దాటితే గానీ సున్నితమైన మొక్కను బయట నాటరు. కెనడాలో టొరంటో వైపు మే 25కు ముందు వచ్చే సోమవారం విక్టోరియా డే. తోటలు నాటేది ఆ సెలవులకే. అమెరికా ఉత్తర రాష్ట్రాల్లో చాలామందికి మే నెల ఆఖరి సోమవారం, మెమోరియల్ డే. ఈ సంగతి చెబితే అమ్మ తృప్తిగా తల ఊపింది. "అయితే వాళ్లకు గూడ కార్తెలున్నయన్న మాట!"

పొద్దు కూడా పూలను ఆపుతుంది

ఇంకో చిత్రం ఉంది. జూన్ 21 నాడు మన్ననూర్‌లో పగలు పదమూడు గంటలకు కాస్త ఎక్కువ. మినియాపొలిస్‌లో పదిహేనున్నర గంటలు దాటుతుంది. పెద్ద పూల బంతి, సీతజడ, చామంతి... ఇవన్నీ పొద్దు తగ్గుతున్నప్పుడు తొందరగా పూసే రకాలు. మొక్కలు పగటి నిడివిని లెక్కపెడతాయన్న సంగతిని గార్నర్, అలార్డ్ అనే ఇద్దరు అమెరికా శాస్త్రవేత్తలు 1920లో ప్రకటించారు. వాళ్లకు అది పొగాకు మొక్క నేర్పింది.

అంటే మన ఊరి ఎత్తు రకం బంతిని అక్కడ నాటితే, జూన్ జులైల్లో పొద్దు పొడుగ్గా ఉన్నంతకాలం ఆకు మీదే ఉంటుంది. 'ఎరువు చాలలేదేమో' అని యూరియా లాంటిది గుమ్మరిస్తే ఇంకా ఆకు పెరుగుతుంది, పువ్వు ఇంకా వెనక్కి పోతుంది. ఆగస్టులో పొద్దు తగ్గాక మొగ్గ కడుతుంది. ఇది తెలిస్తే కంగారుండదు. బతుకమ్మకు కావలసింది కూడా ఆ పూలే కదా! కాకపోతే మొగ్గ కట్టే వేళకు చెట్టు ఎదిగి, కొమ్మలు వేసి, సిద్ధంగా ఉండాలి. జూన్ చివర్లో గింజ వేసిన అక్క చెట్లకు ఆ వ్యవధే దొరకలేదు.

మంచు దేశంలో తొందరగా పువ్వు చూడాలనుకుంటే పొట్టి రకం బంతి మేలు. చిన్న పూలు, ఎరుపు పసుపు కలిసిన రేకులు. పొడుగు పొద్దును అది అంతగా పట్టించుకోదు. జులై నుంచే పూస్తుంది.

మూడో ఏడు: లెక్క ప్రకారం

2024 జనవరిలోనే అమ్మ మొదలుపెట్టించింది. "పండుగ కాడ నుంచి ఎనక్కి లెక్కవెట్టు. మంచు కాడ నుంచి గూడ ఎనక్కి లెక్కవెట్టు. రెంటిట్ల ఏది ముందొస్తే అదే నీ కార్తె" అంది. ఇంతకంటే బాగా ఏ పుస్తకమూ చెప్పలేదు నాకు.

ఆ లెక్క ఇదిగో. మే 20-25 మధ్య బయట నాటడమనుకుంటే, అక్కడి నుంచి వెనక్కి:

* పెటూనియా లాంటి నలుసంత గింజలకు 10 నుంచి 12 వారాలు. ఫిబ్రవరి చివర, మార్చి మొదట్లో పోయాలి. గింజ మీద మట్టి కప్పకూడదు. వెలుతురు తగిలితేనే మొలుస్తుంది.
* బొగడబంతికి 8 వారాలు. మార్చి చివరి వారం. మొలవడానికే పది పదిహేను రోజులు తీసుకుంటుంది, ఓపిక పట్టాలి.
* పెద్ద పూల బంతికి 6 నుంచి 8 వారాలు. ఏప్రిల్ మొదటి వారం.
* సీతజడ, గునుగుకు 6 వారాలు. ఏప్రిల్ రెండో వారం. బయట నేల బాగా వెచ్చబడ్డాకే, అంటే బంతికన్నా వారం ఆలస్యంగా నాటాలి.
* పొట్టి బంతికి 4 నుంచి 6 వారాలు. ఏప్రిల్ మూడో వారం.
* జినియాకు 4 వారాలు చాలు. అసలు ఇంట్లో పోయకుండా మే నెలాఖరులో నేరుగా నేలలో వేసినా వస్తుంది.
* చామంతికి ఈ శ్రమ వద్దు. సెప్టెంబరులో అక్కడి దుకాణాల్లో మొగ్గలతో ఉన్న కుండీలే దొరుకుతాయి.

మిగతా ఊళ్లవాళ్లు మీ ఆఖరి మంచు తేదీని బట్టి జరుపుకోండి. న్యూజెర్సీ వైపు బంతి నారుకు మార్చి రెండో పక్షం, షికాగో, టొరంటోల్లో ఏప్రిల్ మొదలు సరిపోతాయి. డల్లాస్ సంగతి వేరు. అక్కడ మంచు మార్చి మధ్యలోనే పోతుంది, మళ్లీ నవంబరు దాకా రాదు. కాబట్టి బతుకమ్మకు మన్ననూర్ లెక్కే! పండుగకు మూడు నెలల ముందు, మండే ఎండకు కాస్త నీడ కట్టి నారు పోసుకోవాలి. ఇక మెల్‌బోర్న్‌లో అంతా తలకిందులు. బతుకమ్మ వసంతకాలంలో వస్తుంది. మన వానాకాలం వాళ్లకు చలికాలం. అక్కడివాళ్లు జూన్, జులైల్లో ఇంట్లో దీపాల కింద నారు పోయాలి.

విత్తనం సంగతి కూడా ఆ ఏడాదే తేలింది. అమెరికాకు నాటే విత్తనం తేవాలంటే మామూలుగా మొక్కల ఆరోగ్య ధ్రువపత్రం ఉండాలి. 2020 వేసవిలో ఎవరూ అడగని విత్తనాల పొట్లాలు వేల ఇళ్లకు పోస్టులో వచ్చి అక్కడ పెద్ద గగ్గోలే అయింది. గింజతో పాటు తెగులో, కలుపో వస్తే ఒక దేశం పంటకే ముప్పు. అయితే కొద్దిపాటి విత్తనాలకు అక్కడి వ్యవసాయ శాఖ ఒక పర్మిట్ ఇస్తుంది. ముందే దరఖాస్తు చేసుకోవాలి. ఒక్కో పొట్లంలో ఒకే రకం, 50 గింజలకు గానీ 10 గ్రాములకు గానీ మించకూడదు. ఒక పార్శిల్‌లో 50 పొట్లాల వరకే. శుభ్రంగా ఉండాలి, పేరు రాసి ఉండాలి. పార్శిల్ ముందు వాళ్ల తనిఖీ కేంద్రానికి వెళ్లి, అక్కడి నుంచి ఇంటికి చేరుతుంది.

అక్క పర్మిట్ తెప్పించింది. మన్ననూర్‌లో అమ్మ స్టీలు పళ్లెంలో గింజలు పోసుకుని, కళ్లజోడు పెట్టుకుని, పొట్లానికి యాభై చొప్పున లెక్కపెట్టింది. బంతి గింజలు గ్రాముకు మూడు వందల దాకా ఉంటాయి. నల్లటి సూది, దానికి తెల్లటి కుచ్చు. పొల్లు గింజ వస్తే పక్కన పెట్టి మళ్లీ లెక్క. "గ్రాముల లెక్కన ఇంకా ఎక్కువ పంపొచ్చమ్మా" అంటే వినలేదు. "యాభై అన్నరు, యాభయే ఉండాలె. మళ్ల ఒక మాట రావద్దు" అంది.

నారు ఇలా పోసింది

అమ్మ పద్ధతి వేరు, అక్క పద్ధతి వేరు. కానీ పని ఒక్కటే.

అమ్మ మడి చేసి, మాగిన పశువుల ఎరువు కలిపి, గీతలు గీసి గింజ చల్లి, మీద పల్చగా వరిగడ్డి కప్పుతుంది. చీమలు ఎత్తుకుపోకుండా చుట్టూ బూడిద చల్లుతుంది. మొలక కనిపించిన సాయంత్రం గడ్డి తీసేస్తుంది.

అక్క పెరుగు డబ్బాలకు అడుగున చిల్లులు పెట్టింది. పెరటి మట్టి వాడలేదు. అది గట్టిపడుతుంది, తెగులు ఉంటుంది. కొబ్బరి పొట్టు కలిసిన నారు మట్టి కొన్నది. బంతి గింజపై అర సెంటీమీటరు మట్టి, సీతజడ గింజపై అద్దీ అద్దనట్టు చిటికెడు. మీద పాలిథిన్ కవరు. గడ్డి చేసే పనే కవరు చేస్తుంది. మొలిచేదాకా డబ్బాలు ఫ్రిజ్ మీద పెట్టింది, అక్కడ వెచ్చగా ఉంటుందని. మొలిచిన రోజే కవరు తీసేసి, బేస్‌మెంట్‌లో ట్యూబ్‌లైట్ల కిందికి మార్చింది. లైటు మొక్కకు మూడు నాలుగు అంగుళాల ఎత్తులోనే ఉండాలి. మొక్క పెరిగేకొద్దీ లైటునూ పైకి జరపాలి. రోజుకు 14 నుంచి 16 గంటలు వెలగాలి. అక్కడే మొదటి ఏడాది తప్పు దిద్దుకుంది.

నీళ్లు పైనుంచి పొయ్యకుండా డబ్బాను పళ్లెంలో పెట్టి, పళ్లెంలో పోసింది. పైన తడి ఆరకపోతే నారుకుళ్లు వస్తుంది. నిన్న నిలబడ్డ మొక్క ఇవాళ మొదలు దగ్గర నల్లగా మెత్తబడి పడిపోతుంది. వచ్చాక మందు లేదు. రాకుండా చూసుకోవడమే. పల్చగా పోయడం, గాలి ఆడనివ్వడం, చిన్న ఫ్యాను దూరంగా తిప్పడం. మొదటి రెండాకుల తర్వాత నాలుగు అసలు ఆకులు రాగానే ఒక్కో మొక్కను ఒక్కో కప్పులోకి మార్చింది.

మే నెలలో అసలు పరీక్ష. ఇంట్లో పుట్టి పెరిగిన మొక్క ఎండా గాలీ ఎరగదు. ఒక్కసారిగా బయట పెడితే ఆకులు తెల్లగా మాడిపోతాయి. మొదటి రోజు నీడలో గంట, మర్నాడు రెండు గంటలు, తర్వాత కాస్త ఎండ... ఇలా వారం పది రోజులు బయటికీ లోపలికీ తిప్పాలి. పురిటి బిడ్డను వరండాలోకి తెచ్చినట్టే! నాటిన నెలకు తల తుంచితే పక్క కొమ్మలు వచ్చి గుబురుగా తయారవుతుంది. అక్కకు తుంచాలంటే చెయ్యి రాలేదు. అమ్మ ఫోన్‌లో చూస్తూ, "తుంచు, ఏం గాదు" అని దగ్గరుండి తుంచించింది.

మన్ననూర్‌లో కోతుల బెడద. కొత్త చిగురు కనిపిస్తే ఉంచవు. మినియాపొలిస్‌లో కుందేళ్లు. అక్క చుట్టూ తీగ కంచె వేసింది. అమ్మ అంది కదా, "అవ్వి నయం, ఇంట్లకొచ్చి కుండలు బోర్లియ్యవు!"

మంచు ముందే వస్తే?

పండుగ ఆలస్యంగా వచ్చిన ఏడాది, అంటే 2026 లాంటి ఏడాది, ఉత్తర రాష్ట్రాల వాళ్లకు మంచు గండం ఉంటుంది. దానికీ దారి ఉంది. మంచు పడుతుందని వాతావరణ కేంద్రం చెప్పిన సాయంత్రం పాత దుప్పట్లు చెట్ల మీద నేల దాకా కప్పాలి. పొద్దున తీసేయాలి. ఒకటి రెండు తేలికపాటి మంచుల నుంచి ఇలా గట్టెక్కవచ్చు. పెద్ద మంచు అంటే, విచ్చిన బంతులన్నీ ముందురోజే కోసి ఫ్రిజ్‌లో పెట్టుకోవాలి. కొన్ని రోజులు ఆగుతాయి.

గునుగు, సీతజడ, బొగడబంతి అయితే ఇంకా సులువు. ఇవి ఎండినా రంగు పోని పూలు. సెప్టెంబరులోనే కోసి, కట్టలు కట్టి, నీడలో తలకిందులుగా వేలాడదీస్తే పండుగ దాకా ఏమీ కావు. గునుగు విత్తనం మన్ననూర్ నుంచే తేవాలని లేదు. గోధుమ వెన్నులాంటి పూల సెలోషియా అని అక్కడి విత్తనాల పొట్లాల్లో దొరికేది గునుగే. చేను గట్టు మీద మనం తొక్కుకుంటూ పోయే పువ్వును వాళ్లు డబ్బిచ్చి కొని పెంచుకుంటారు! తంగేడు మాత్రం ఆశ వదులుకోవలసిందే. 2014లో తెలంగాణ రాష్ట్ర పుష్పమైన ఆ పొద మంచుకు నిలవదు.

మన దగ్గరి వాళ్లకు

'మాకు మంచు లేదుగా, మాకెందుకీ లెక్క' అనుకోకండి. వెనక్కి లెక్కపెట్టడం మనకూ పనికొస్తుంది. సంక్రాంతికి గుమ్మానికి బంతిపూలు కావాలంటే చలికి ఎదుగుదల నెమ్మదిస్తుందని గుర్తుపెట్టుకుని అక్టోబరు మొదటి వారంలోనే నారు పోయండి. దసరా అయ్యాక చూద్దాం అనుకుంటే పూలు కనుమ కూడా దాటాక వస్తాయి. పెటూనియా, ఫ్లాక్స్, డయాంథస్ లాంటి చలికాలపు పూలకు సెప్టెంబరు చివరి నుంచి అక్టోబరు మధ్య దాకా అదను.

దండలోని పెద్ద పెద్ద హైబ్రిడ్ బంతుల గింజలు దాచి పోస్తే మళ్లీ అదే పువ్వు రాదు. నాటు రకమైతేనే దాచుకోండి. పాత గింజ అనుమానమైతే పది గింజలు తడిగుడ్డలో చుట్టి వారం ఉంచండి. ఏడెనిమిది మొలిస్తే ధైర్యంగా పోయొచ్చు. నాలుగే మొలిస్తే రెట్టింపు పోయండి.

అక్టోబరు 2

2024 ఎంగిలిపూల నాడు అక్క ఫోన్ చేసేసరికి మన్ననూర్‌లో తెల్లవారుతోంది. ఈసారి కూడా వీడియోలో ముందు అక్క ముఖం కనిపించలేదు. తాంబాలంలో బతుకమ్మ కనిపించింది. అడుగున తెల్లటి గునుగు, ఆపైన ఎర్రటి సీతజడ, పైవరుసలన్నీ బంతులు. నిండుగా, మన పెరట్లోలాగే. వెనకాల పిల్లలు ఇంగ్లీషులో ఏదో అరుస్తున్నారు.

అమ్మ ఫోన్‌ను కళ్లకు దగ్గరగా పెట్టుకుంది. పూలను కాసేపు చూసి, "ఎన్ని మొలిచినయే?" అని అడిగింది.

"యాభైట్ల నలభై నాలుగమ్మా."

అమ్మ నా వైపు తిరిగింది. "ఇన్నవా? యాభైట్ల నలభై నాలుగు. మన ఇత్తునం మంచిదే" అంది. లేచి, పండుగ పనిలో పడిపోయింది. మా బతుకమ్మకు పూలు కొయ్యడానికి బుట్ట పట్టుకుని బావి దగ్గరికి వెళ్తుంటే వెనక నుంచి అక్క ఇంకా ఫోన్‌లో అరుస్తోంది. "అమ్మా, చెట్టు మీద ఎండిన పూలు ఎప్పుడు కొయ్యాలె? మంచుకు ముందేనా?"

"ముందే! తడి తగిలితే బూజు వడతది. తొడిమ ఎండంగనే కొయ్యి!" బావి దగ్గర్నుంచే జవాబు వచ్చింది.

చలి ఊళ్లలో ఉన్న మీ అక్కచెల్లెళ్లకు ఈ లెక్క చెప్పండి. మీ ఆఖరి మంచు తేదీ తెలుసుకుని, క్యాలెండర్లో నాటే రోజుకు గుండ్రంగా గీత గీసుకుని, అక్కడి నుంచి వారాలు వెనక్కి లెక్కపెట్టమనండి. వచ్చే ఆదివారం మరో ముచ్చటతో కలుద్దాం.